బల్లకు ఇటువైపు కూర్చున్నవాళ్ళ ఉత్తరాలు

ఈ శీర్షికకు మామూలుగా ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు రాస్తారు. ఈ నెల మాత్రం మనుషుల్ని పనిలోకి తీసుకునేవాళ్ళ ఉత్తరాలే ఎక్కువ వచ్చాయి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్లర్కుగా చేరి, ఆ తర్వాత మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషుల్ని ఎంపిక చేస్తూ మొత్తం 27 ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. అందుకని ఒక్కో ఉత్తరం చదువుతుంటే నేను కూర్చున్న కుర్చీలే గుర్తొచ్చాయి. చోటు చాలక ఉత్తరాలు తగ్గించి వేస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడం, నాకు 24 ఏళ్ళు. ఎంబీఏ హెచ్ఆర్ చేసి కొండాపూర్‌లో ఒక స్టాఫింగ్ కంపెనీలో, అంటే వేరే కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే చోట, రిక్రూటర్‌గా చేస్తున్నాను. రోజుకు 70 కాల్స్ చేయాలి, క్లయింట్లకు 6 ప్రొఫైల్స్ పంపాలి. సెలెక్ట్ కానివాళ్ళకు ఫోన్ చేయడం టైమ్ వేస్ట్ అంటారు మా టీమ్ లీడ్. వాళ్ళు "ఏమైంది మేడం?" అని వాట్సాప్‌లో అడుగుతూనే ఉంటారు. చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను. ఒక్కోసారి రాత్రి నిద్ర పట్టదు. నేను హెచ్ఆర్‌నా, టెలీకాలర్‌నా?

జవాబు: అమ్మా, ముందు నాకు జరిగింది చెప్తాను. 1996లో జీడిమెట్లలో స్టోర్స్ క్లర్కు ఉద్యోగానికి వెళ్ళాను. పది రోజుల తర్వాత పోస్టులో కవరు వచ్చింది. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నామని టైపు చేసిన రెండు లైన్లు. వాటి కింద పర్సనల్ మేనేజర్ గారు నీలం ఇంకుతో సొంతంగా రాశారు: "స్టాక్ రిజిస్టర్ లెక్క మీరు చేసినంత శుభ్రంగా ఇంకెవరూ చేయలేదు. టైపింగ్ లోయర్ పాసై మళ్ళీ రండి." కూకట్‌పల్లిలో ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, లోయర్ పాసై, మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. ఉద్యోగం ఇచ్చారు. ఆ రెండు వాక్యాలు రాయడానికి ఆయనకు ఒక నిమిషం పట్టి ఉంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 2009లో మాంద్యం వచ్చినప్పుడు చాలా కంపెనీలు ఆఫర్ లెటర్లు ఇచ్చి కూడా చేరే తేదీని వాయిదా వేస్తూ పోయాయి. నేనున్న కంపెనీ కూడా అలాగే చేసింది. పిల్లల ఫోన్లు ఎత్తొద్దని మాకు చెప్పారు. ఒకరోజు నరసరావుపేట నుంచి ఒక అబ్బాయి, వాళ్ళ నాన్న గేటు దగ్గరికి వచ్చారు. పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆఫర్ లెటర్. సెక్యూరిటీ నుంచి ఫోన్ వస్తే నేను మీటింగ్‌లో ఉన్నానని చెప్పించాను. కిటికీలోంచి చూస్తే గంటన్నర నిలబడి వెళ్ళిపోయారు. కిందకు దిగి వెళ్ళి "తేదీ మాకే తెలియదు బాబూ, వేరేచోట కూడా ప్రయత్నించు" అని చెప్పి ఉంటే ఆ అబ్బాయికి కొన్ని నెలలు మిగిలేవి. నేను దిగలేదు. అది తప్పు. మా వాళ్ళు చెప్పారు కాబట్టి అలా చేశాననడం సాకు.

ఇప్పుడు నీ పని లెక్క చూద్దాం. రోజుకు 70 మందికి ఫోన్ చేస్తావు సరే, అందరికీ నువ్వు జవాబు బాకీ లేవు. సరిపోని వాళ్ళకు ఆ ఫోన్‌లోనే చెప్పేయొచ్చు: "ఈ పోస్టుకు మీ అనుభవం సరిపోదండి, పంపడం లేదు." నీకు బాకీ ఉన్నది నువ్వు పంపిన ఆరుగురికి. రోజు చివర పదిహేను నిమిషాలు పెట్టుకో. క్లయింట్ దగ్గర ఆగిపోయినవాళ్ళకు రెండు లైన్ల మెసేజ్ పెట్టు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళినవాళ్ళకు మాత్రం మెసేజ్ చాలదు, ఫోన్ చేయి. కారణం తెలిస్తే ఉన్నదున్నట్టు చెప్పు, "స్ప్రింగ్ బూట్‌లో (జావా ప్రోగ్రామింగ్‌కు వాడేది) చేసిన పని తక్కువగా ఉందన్నారు" అని. క్లయింట్ కారణం చెప్పకపోతే చెప్పలేదనే అను. "మీ ప్రొఫైల్ చాలా బాగుంది, హోల్డ్‌లో ఉంది" అని మాత్రం అనకు. ఆ హోల్డ్ అనే మాట పట్టుకుని చేతిలో ఉన్న ఇంకో ఆఫర్ వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకో. ఎవరు ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు అన్నది ఒక్కో లైను రాసుకుంటూ వెళ్ళు. నేను అలా రాసుకున్న ఒక నెలలో, ఒకే క్లయింట్‌కు పంపిన టెస్టర్లలో 11 మంది రెండో రౌండుకు రాలేదని కనిపించింది. అందరూ సీరియస్‌గా లేరని క్లయింట్ ఫిర్యాదు. ఫోన్ చేసి అడిగితే తేలిందేమిటంటే, రెండో రౌండు మంగళవారం పొద్దున 11 గంటలకు, అదీ ఆఫీసుకు వచ్చి ఇవ్వాలి. ఉద్యోగంలో ఉన్నవాడు వారం తిరక్కుండా రెండోసారి సెలవు ఎలా పెడతాడు? ఇంటర్వ్యూ ప్యానెల్‌ను శనివారానికి మార్చమని అడిగాం, మార్చారు. మనుషులు వచ్చారు. మీ టీమ్ లీడ్‌తో వాదన పెట్టుకోవద్దు. ఒక నెల నోట్‌బుక్ ఆయన ముందు పెట్టు. క్లయింట్‌కు తెలియని సంగతి క్లయింట్‌కు చెప్పగలిగితే నిన్ను ఎవరూ టెలీకాలర్ అనుకోరు.

ప్రశ్న: నమస్కారం మేడం గారూ. విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ, టిప్పర్ బాడీలు కట్టే షెడ్డు ఉంది. 22 మంది పనిచేస్తారు. వెల్డర్లు నిలవడం లేదు. ఈ ఏడాది తొమ్మిది మందిని తీసుకుంటే ఏడుగురు వెళ్ళిపోయారు, అందులో ఎక్కువమంది పక్క షెడ్లకే. జీతం వెయ్యి పెంచి చూశాను, లాభం లేదు. మంచివాడిని ముందే ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: అయ్యా, మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. పని వచ్చా రాదా అన్నది ఒకటి, నిలుస్తాడా లేదా అన్నది రెండోది.

మొదటిది తేలిక. ఎక్కడ చేశావు, ఎన్నేళ్ళు చేశావు అని అడగడం తగ్గించి పని చేయించి చూడండి. రెండు 10 ఎంఎం ప్లేట్లు ఇచ్చి నిలువు వెల్డింగ్ వేయించండి. అతుకులో స్లాగ్ (వెల్డింగ్ మడ్డి) ఇరుక్కుందా, అండర్‌కట్ (అతుకు అంచున గాడి) పడిందా అన్నది మీ మేస్త్రీ చూడగానే చెప్తాడు. సగం రోజు పని చేయిస్తే సగం రోజు కూలి ఇచ్చేయండి, తీసుకోకపోయినా సరే. 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు 85 ఏళ్ళలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టినప్పుడు, రేపు ఎలా పనిచేస్తాడో ముందే చెప్పే పద్ధతుల్లో పని చేయించి చూడటం పై వరుసలో నిలిచింది. ఎన్నేళ్ళ అనుభవం అన్నది చాలా కింద ఉంది. 2022లో పాల్ సాకెట్ అనే అమెరికా పరిశోధకుడి బృందం ఆ లెక్కల్ని మళ్ళీ సరిచూస్తే చాలా అంకెలు తగ్గాయి, అందరికీ ఒకే ప్రశ్నలు వేసి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ అన్నిటికంటే పైకి వచ్చింది. మీ ప్లేటు పరీక్ష కూడా అలాగే పెట్టండి. అందరికీ అదే ప్లేటు, అదే టైము, చూసేది అదే మేస్త్రీ.

రెండోదానికి జవాబు నా దగ్గర లేదు, వెళ్ళిపోయిన ఆ ఏడుగురి దగ్గర ఉంది. పక్క షెడ్లలోనే ఉన్నారు కదా, టీ టైములో వెళ్ళి అడగండి. మీరు వెళ్తే చెప్పరనుకుంటే వాళ్ళకు నచ్చిన మనిషిని పంపండి. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమాని ఇదే బాధతో నన్ను పిలిచారు. మానేసిన కుర్రాళ్ళను కలిశాను. జీతం తక్కువని చెప్పింది ఒక్కడే. మిగతావాళ్ళు చెప్పింది: జీతం ఒక నెల 7న, ఒక నెల 12న, ఒక నెల 15న. గది అద్దె మాత్రం 5న కట్టాలి. ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు మేస్త్రీ నోటి లెక్క, రాసేవాడు లేడు. పాపకు జ్వరమని 3 వేలు అడ్వాన్సు అడిగితే ఇవ్వలేదని ఒకతను ఆ సాయంత్రమే మానేశాడు, పక్క షెడ్డువాళ్ళు ఆ మూడు వేలు ఇచ్చి తీసుకున్నారు. యజమాని చెడ్డవాడేమీ కాదు. ఇవన్నీ ఆయన చెవిదాకా రాలేదంతే. జీతం 5వ తేదీకి ఖాయం చేసి, ఓటీకి గోడమీద ఒక పుస్తకం వేలాడదీశారు. ఇప్పుడు నాకు ఫోన్ చేయడం మానేశారు, అందుకు సంతోషం.

ఇంకొకటి. ఆర్డరు వచ్చాక వెల్డరును వెతికితే పక్క షెడ్డు నుంచి లాక్కోవడం తప్ప దారి ఉండదు, రేపు అతన్నీ ఎవరో లాక్కుంటారు. మీకు పని ఏ నెలల్లో ఎక్కువవుతుందో పాత బిల్లు పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. దానికి ఆరు నెలల ముందే మీ ఊరి ప్రభుత్వ ఐటీఐకి వెళ్ళి వెల్డర్ ట్రేడు పిల్లల్ని ఇద్దరిని అప్రెంటిస్‌లుగా అడగండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద పద్ధతిగా తీసుకుంటే స్టైపెండులో కొంత కేంద్రం భరిస్తుంది. మీ షెడ్డులో మొదటి టిప్పర్ కట్టిన కుర్రాడికి ఈ చోటు మీద ఉండే మమకారం వేరు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి బీటెక్ అయ్యాక ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. రెజ్యూమెలో కంటికి కనపడకుండా తెల్ల అక్షరాలతో కంపెనీవాళ్ళు అడిగినవన్నీ పెట్టాడు. ఇలా చేస్తేనే కంప్యూటర్ పాస్ చేస్తుందట. నిజమేనా? నాకు భయంగా ఉంది. (ఒక తండ్రి, అనంతపురం)

జవాబు: తీసేయమని చెప్పండి. సాఫ్ట్‌వేర్ రెజ్యూమెలోంచి అక్షరాలు బయటికి లాగినప్పుడు తెల్లవీ నల్లవీ ఒకేలా కనిపిస్తాయి. చూసే రిక్రూటర్‌కు ముందు కలిగేది అనుమానం. చేసిన ప్రాజెక్టు గురించి, అందులో తన చేతిమీద జరిగిన భాగం గురించి నాలుగు లైన్లు మామూలు అక్షరాలతో రాయమనండి. పోర్టల్స్‌లో వందలు పంపడం తగ్గించి, వాళ్ళ కాలేజీ సీనియర్లలో పదిమందికి ఫోన్ చేసి రిఫరెన్స్ అడగమనండి.

మీ భయం మాత్రం న్యాయమైనదే. అమెజాన్ కంపెనీ రెజ్యూమెలకు మార్కులేసే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేయించి, అది ఆడవాళ్ళ రెజ్యూమెలకు మార్కులు తగ్గిస్తోందని గుర్తించి పక్కన పెట్టేసిందని 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. పాత పదేళ్ళలో ఎక్కువగా మగవాళ్ళ నుంచి వచ్చిన రెజ్యూమెలు చూసి అది నేర్చుకుంది మరి. ఇది చదివే హెచ్ఆర్ వాళ్ళకు ఒక మాట: మీ మెషీన్ పక్కన పడేసిన వాటిలోంచి వారానికి ఇరవై రెజ్యూమెలు తీసి మీ కళ్ళతో చదవండి.

ప్రశ్న: మేడం గారూ, ఖమ్మంలో 120 పడకల ఆసుపత్రిలో హెచ్ఆర్ మేనేజర్‌ని. నర్సు ఎవరైనా మానేశాకే నాకు ఫోన్ వస్తుంది, "రేపటికల్లా ఇద్దరిని చూడండి" అని. కొత్తగా డయాలసిస్ యూనిట్ పెడుతున్న సంగతి నాకు ప్రారంభోత్సవం కార్డు చూశాక తెలిసింది! మేనేజ్‌మెంట్ మీటింగులకు నన్ను పిలవరు. పిలిపించుకోవడం ఎలా?

జవాబు: ఆ కార్డు సంగతి చదివి మనసు చివుక్కుమంది. డయాలసిస్ టెక్నీషియన్లు రాత్రికి రాత్రి దొరకరు. మెషీన్లకు ఆర్డరు పెట్టిన రోజే మనుషుల గురించి కూడా మాట్లాడుకోవాల్సింది.

కుర్చీ ఇవ్వమని అడగకండి. ఒక కాగితం తయారుచేసి తీసుకెళ్ళండి. 2001లో మా మందుల కంపెనీలో నాది మీ పరిస్థితే. షిఫ్ట్ కెమిస్టులు మానేస్తున్నారని ప్రతి నెలా రిపోర్టు పంపేదాన్ని, ఎవరూ చదివేవారు కాదు. ఒకరోజు ప్రొడక్షన్ వాళ్ళ లాగ్‌బుక్ అడిగి తెచ్చుకుని, కెమిస్టు లేక రియాక్టరు (మందు తయారయ్యే పెద్ద పాత్ర) ఖాళీగా ఉన్న గంటలన్నీ కలిపి లెక్కవేశాను. మూడు నెలల్లో 140 గంటలు. శాతాలన్నీ తీసేసి ఆ ఒక్క అంకె రాసి పంపాను. మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారు పిలిచారు. నన్ను ఆయన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

మీ దగ్గర రియాక్టరు లేదు, పడకలున్నాయి. నర్సింగ్ సూపరింటెండెంట్ గారితో కూర్చోండి. సిస్టర్లు చాలక ఐసీయూలో ఎన్ని పడకలు ఎన్ని రోజులు ఖాళీగా పెట్టారో, ఎందరు పేషెంట్లను వేరే ఆసుపత్రికి పంపారో రిజిస్టర్లు చూసి రాయండి. దాని పక్కనే ఏడాదిలో మానేసిన ప్రతి సిస్టర్ గురించి రాయండి: ఏ వార్డు, చేరిన ఎన్నో నెలలో మానేసింది, ఆఖరి నెలలో నైట్ డ్యూటీలు ఎన్ని, ఎక్కడికి వెళ్ళింది. రాస్తుంటే మీకే ఏదో కనిపిస్తుంది. ఏదో ఒక వార్డు, ఏదో ఒక ఇన్‌ఛార్జ్, లేదా ఎనిమిదో నెల. అదేమిటో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను.

విదేశాలకు వెళ్ళేవాళ్ళ విషయంలో ఒక్క మాట. గల్ఫ్ కోసం ప్రోమెట్రిక్ (అక్కడ నర్సు లైసెన్సుకు పెట్టే పరీక్ష) రాసేవాళ్ళు, జర్మన్ నేర్చుకునేవాళ్ళు మీ వార్డుల్లో తప్పక ఉంటారు. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అనే తెలంగాణ ప్రభుత్వ సంస్థే నర్సులకు జర్మన్ నేర్పించి అక్కడికి పంపుతోంది. ఆ పిల్లలు ఇంటికోసం, చెల్లి పెళ్ళికోసం వెళ్తున్నారు. ఆపాలని చూడకండి. వెళ్ళే ఆలోచన ఉంటే మూడు నెలల ముందు చెప్పండి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ నేనే దగ్గరుండి ఇప్పిస్తాను అని పిలిచి చెప్పండి. నమ్మకం కుదిరితే చెప్తారు. ఆ మూడు నెలల్లో కొత్తవాళ్ళకు ఐసీయూ పని నేర్పేది కూడా వాళ్ళే. మీ బీరువాలో ఎవరివైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంటే మాత్రం ఈ పత్రిక పక్కన పెట్టి ఈరోజే తిరిగి ఇచ్చేయండి. చదువు కాగితాలు తాళంలో పెట్టుకున్న చోట ఎవరూ నిజం చెప్పరు.

ప్రశ్న: మేడం, హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో హెచ్ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని. సైట్ ఇంజనీర్ల షార్ట్‌లిస్ట్ తీసుకెళ్తే డైరెక్టర్ గారు ముందు ఇంటిపేరు చూస్తారు. "మనవాళ్ళేనా?" అంటారు. తెలియకపోతే "ఏ ఊరు, నాన్న ఏం చేస్తాడు, కనుక్కో" అంటారు. తప్పని తెలుసు. కానీ నాకు ఈ ఉద్యోగం అవసరం.

జవాబు: తమ్ముడూ, అడిగినందుకు నిన్ను గౌరవిస్తున్నాను. దీని గురించి బయట మాట్లాడేవాళ్ళు తక్కువ.

మీ డైరెక్టర్ ఒక్కరే ఇలా ఉన్నారనుకోకు. సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు చదువు, అనుభవం సమానంగా ఉన్న దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం వేరు: అగ్రకులమని తెలిసేవి, దళితులవని తెలిసేవి, ముస్లింలవి. దళితుల పేర్లకు, ముస్లింల పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ దరఖాస్తులు చూసి పక్కన పెట్టింది కూడా మనలాంటివాళ్ళే.

2003లో ఒక కంపెనీలో నేనూ అలాంటి ఫోన్లు చేశాను. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే అవతల అబ్బాయి కాసేపు ఆగి "కూలిపనండి" అన్నాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థమైంది. అతనివి 81 శాతం మార్కులు. లిస్టులోంచి తీసేయమన్నారు, తీసేశాను. ఆ ఏడాది చివర ఆ కంపెనీ వదిలేశాను. వదిలేసినంత మాత్రాన ఆ అబ్బాయికి ఒరిగింది ఏమీ లేదు.

ఉద్యోగం పోగొట్టుకోమని నీకు చెప్పను. ఇది చేసి చూడు. తర్వాతి షార్ట్‌లిస్ట్‌కు ముందే అభ్యర్థులందరికీ ఒక స్లాబ్ డ్రాయింగ్ ఇచ్చి, గంటలో బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ సైజు స్టీలు కడ్డీలు ఎన్ని, ఎలా వంచాలో రాసే లెక్క) వేయించు. మీ సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్‌తో దిద్దించు, పేర్లు కనపడకుండా. డైరెక్టర్ గారికి ఇచ్చే కాగితం మీద నంబర్లు, ఆ మార్కులు, చేసిన సైట్లు మాత్రమే ఉంచు. పేర్లేవని అడిగితే "ముందు పని చూద్దామని ప్రాజెక్ట్ మేనేజర్ గారన్నారు సార్" అను. అంతకుముందే ఆ మేనేజర్‌తో మాట్లాడి ఒప్పించుకో. స్టీలు లెక్క తప్పితే సైట్లో మాట పడేది ఆయనే కాబట్టి మంచి ఇంజనీర్ కావాలన్న ఆత్రం ఆయనకు ఎలాగూ ఉంటుంది. నాన్న ఏం చేస్తాడో కనుక్కోమంటే కనుక్కోకు. మళ్ళీ అడిగితే "అది అడగలేనండి" అని మెల్లగా చెప్పు.

నాలుగైదు నెలల్లో మార్పు రాకపోతే నీ రెజ్యూమె బయటికి తియ్యి. కావాలంటే నాకు పంపు, చూసి పెడతాను.